నాయన చెవి మౌల్డు: మెత్తదా, గట్టిదా?

కర్నూలు_కుర్రోడు
మా నాయనకు 74 ఏళ్లు. రెండు చెవులూ బాగా తగ్గాయి, రిపోర్టులో తీవ్రం అని రాశారు. రెండు నెలల కింద చెవి వెనక పెట్టుకునే వినికిడి మిషన్లు రెండు తీసుకున్నాం. వాటికి మెత్తటి సిలికాన్ మౌల్డులు, అంటే చెవి కొలతకి చేసి లోపల పెట్టుకునే ముక్కలు, చేయించాం. "పెద్దాయనకి మెత్తగా ఉంటేనే సుఖం" అన్నారు షాపులో. ఇప్పుడు ఆయన వాటిని పెట్టుకోలేకపోతున్నాడు. షుగర్ వల్ల వేళ్ల కొనలు తిమ్మిరి, ఒక కంట్లో శుక్లం. అద్దం ముందు పది నిమిషాలు కుస్తీ పట్టి, సగం దూరితే చాలనుకుని వదిలేస్తాడు. అన్నం తినేటప్పుడు కుయ్యిమని ఒకటే కూత. మా అమ్మ వంటింట్లోకి పోయి కుక్కర్ చూసొస్తుంది.

వారం నుంచి మిషన్లు బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన భద్రంగా ఉన్నాయి. గట్టి మౌల్డు చేసివ్వమని అడిగితే "గట్టిదైతే ఇంకా కూస్తుంది" అంటున్నారు షాపువాళ్లు. నిజమేనా? మళ్లీ డబ్బు పెట్టే ముందు తెలిసినవాళ్లు చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
పాసుపుస్తకం పక్కన పెట్టాడంటే విలువ తెలిసిన మనిషే.

బుడ్డిదాని_అమ్మ
షాపువాళ్లు చెప్పిందే కరెక్ట్ అన్నా. మాది అనంతపురం. పాపకి నాలుగేళ్లు, ఏడాదిన్నర వయసు నుంచి సిలికానే వాడుతున్నాం. మొదట్లో నాకూ పెట్టడం రాలేదు, ఏడ్చేదాన్ని. ఇప్పుడు నిద్రలో కూడా పెట్టేస్తా. మీ నాయనకి అలవాటు కాలేదంతే. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి.

నాపరాయి_మేస్త్రి
అక్కా, పాప చెవిలో నువ్వు పెడుతున్నావు. ఆయన చెవిలో ఆయనే పెట్టుకోవాల. రెండూ ఒకటి కాదు.

నాది ఎర్రగుంట్ల దగ్గర. ఇరవై ఏళ్లు రాయి కోసే మిషన్ల మధ్య నిలబడితే చెవులు పోకుండా ఉంటాయా. ఆరేళ్లుగా గట్టి మౌల్డు వాడుతున్నా, అద్దం కూడా చూడను. ఒక్క చేత్తో పెట్టేస్తా. మొదట మెత్తదే ఇచ్చారు నాకు. మిషన్ నుంచి దానికి శబ్దం తెచ్చే ట్యూబు ఊడి చేతికొచ్చింది. చిటికెలో అతికే జిగురు పూసినా, పట్టలేదు. వేళ్లు మాత్రం అతుక్కున్నాయి.

ఉగ్గాని_బజ్జి
మేస్త్రీ, ఆ రోజు ఫోన్ ఎత్తకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది.

వినికిడి_పంతులు
కడపలో ఆడియాలజీ, అంటే వినికిడి పరీక్షల పని చేస్తాను. చెవి చూడకుండా తీర్పు చెప్పకూడదు గానీ, ప్రశ్నలోనే సగం జవాబుంది. మెత్తగా ఉంటే సుఖం అనేది చెవిలో కూర్చున్నాక మాట. ముందు అక్కడిదాకా పోవాలి కదా. సిలికాన్ జారదు, చర్మాన్ని పట్టుకుంటుంది. వయసు మీద పడ్డాక చెవిలోని చర్మం పల్చబడి వదులవుతుంది. మెత్తదాన్ని తోస్తే అదీ వంగుతుంది, చర్మమూ దానితో ముడుచుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ అయిన అక్రిలిక్‌ని నున్నగా పాలిష్ చేస్తారు కాబట్టి కొంచెం తిప్పితే దాని చోటు అదే వెతుక్కుని పోతుంది. తిమ్మిరి చేతులకి నేను మొదట ఆలోచించేది అదే.

షాపువాళ్ల మాట పూర్తిగా అబద్ధమూ కాదు. నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు దవడ కీలు కదిలి చెవి గొట్టం ఆకారం మారుతుంది. మెత్తది దానితో పాటు సర్దుకుంటుంది, గట్టిది సర్దుకోదు. ఆ సందులోంచి శబ్దం బయటికొచ్చి మళ్లీ మైకులో పడుతుంది. మిషన్ దాన్నే ఇంకా పెంచుతుంది. మీరు వినే కూత అదే. అందుకే దాదాపు వినికిడి పోయి, బాగా పవర్ ఉన్న మిషన్ వాడేవాళ్లకి మెత్తదే మేలు. కానీ మీ నాయనకి ఇప్పుడు కూస్తున్నది మెత్తదే! సగం దూరిన మెత్తదాని కన్నా పూర్తిగా కూర్చున్న గట్టిది నయం.

మేస్త్రి గారి జిగురు సంగతి కూడా నిజమే. అక్రిలిక్‌లో ట్యూబు మామూలు జిగురుతో నిలుస్తుంది. సిలికాన్‌కి ఏ జిగురూ సరిగా పట్టదు. లోపల చిన్న లాకు పెట్టి ట్యూబుని బిగిస్తారు, అది ఇంట్లో చేసుకునే పని కాదు.

కర్నూలు_కుర్రోడు
సార్, మరి కూత మౌల్డు వల్లేనా, మిషన్ లోపమా? షాపులో ఒకసారి మిషన్ సెట్టింగు అన్నారు, ఇంకోసారి చెవిలో గులిమి అన్నారు.

వినికిడి_పంతులు
ఇంట్లోనే చూడొచ్చు. చెవిలో ఉండగా మౌల్డుని వేలితో లోపలికి నొక్కండి. కూత ఆగితే సందు మౌల్డు దగ్గర ఉన్నట్టు. ఆగకపోతే మిషన్ బయటికి తీసి, ఆన్‌లోనే ఉంచి, మౌల్డులో శబ్దం వచ్చే రంధ్రాన్ని వేలితో గట్టిగా మూయండి, పక్కన వెంట్, అంటే గాలి ఆడే సన్న రంధ్రం ఉంటే దాన్ని కూడా. అప్పుడూ కూస్తే ట్యూబు దగ్గర అనుమానం. ట్యూబు పీకేసి, మిషన్‌కి ఉండే వంకర కొక్కెం, అదే హుక్కు, దాని కొనని బొటనవేలితో మూయండి. ఇంకా కూస్తుంటే హుక్కులోనో మిషన్‌లోనో తేడా ఉంది, సర్వీసుకి ఇవ్వండి. గులిమి నిండా ఉన్నా కూస్తుంది, శబ్దం దానికి తగిలి వెనక్కి వస్తుంది కాబట్టి. చెవిలో లైటు వేసి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. షాపులో చూడలేదా?

కర్నూలు_కుర్రోడు
లైటు వేసి చూసినట్టు గుర్తు లేదు సార్. చెవి అచ్చు కోసం గులాబీ రంగు ముద్ద కలిపి సిరంజితో నింపారు, ఐదు నిమిషాలకి తీశారు.

తుంగభద్ర_గాలి
లోపల దారం కట్టిన దూది పెట్టారా లేదా? అది ముఖ్యం. మా పిన్నికి ఒక కళ్లద్దాల షాపులో అదేమీ పెట్టకుండా నింపారు. ముద్ద కర్ణభేరి దాకా పోయి గట్టిపడింది. పెద్దాసుపత్రిలో చెవి డాక్టరు అరగంట కష్టపడి ముక్కలుగా తీశారు. ఆ రోజు నుంచి పిన్ని మిషన్ మాటెత్తితే తలుపేసుకుంటుంది.

వినికిడి_పంతులు
ఇలాంటివి మా దగ్గరికి కూడా వస్తాయి. దూది గానీ స్పాంజి గానీ, దారం కట్టింది, చెవి గొట్టం రెండో వంపు దాటాక పెట్టాలి. అది లేకుండా ముద్ద ఎక్కించనివ్వకండి. అచ్చు తీసేవాళ్లకి పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడానికి మొహమాటపడొద్దు.

ఎండలో_ఎడ్లబండి
అచ్చు తీసి కొరియర్‌లో ఊరి బయటికి పంపుతారు కదా, ఏప్రిల్, మే నెలల్లో జాగ్రత్త. పొడి, ద్రవం కలిపే పాత రకం ముద్ద మన ఎండలకి దారిలోనే ఆకారం మారిపోతుంది. నాకు వచ్చిన మౌల్డు ఎవరి చెవికి చేశారో అని చూసుకున్నా. సిలికాన్ ముద్దతో తీస్తే ఆ గొడవ తక్కువ.

హైటెక్_అల్లుడు
ఈ కాలంలో ఇంకా అచ్చులు, ముద్దలు ఏంటి? మా మామకి సన్న వైరు మిషన్, చివర డోము, అంటే చెవిలో దూరే చిన్న రబ్బరు టోపీ. కొన్న రోజే పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఎవరికీ కనపడదు కూడా. కుర్రోడన్నా, మిషన్ మార్చేయండి.

వినికిడి_పంతులు
మీ మామగారికి ఎంత తగ్గింది?

హైటెక్_అల్లుడు
కొంచెమే. ఆడవాళ్లు, పిల్లలు మాట్లాడితే అర్థం కాదు అంతే.

ఉగ్గాని_బజ్జి
ఇంట్లో ఆడవాళ్ల మాట వినపడకపోవడానికి వైద్యం చేయించడమేంది, వరం పోగొట్టుకున్నాడు మీ మామ.

వినికిడి_పంతులు
సన్నటి శబ్దాలు మాత్రమే తగ్గినవాళ్లకి డోము చక్కగా పనికొస్తుంది. తీవ్రంగా తగ్గిన చెవికి తెరిచి ఉన్న డోము పెడితే, పెంచిన శబ్దం లోపల నిలవదు, కూతే మిగులుతుంది. చెవిని మూసే పవర్ డోములు ఉన్నాయి గానీ, అంత శబ్దాన్ని ఆపడానికి చెవి కొలతతో చేసిందే నమ్మకం. మిషన్ మార్చే పని లేదు.

కోడుమూరు_టీచరమ్మ
నాది దీనికి పూర్తిగా తలకిందుల కథ. నాకు తగ్గింది కొంచెమే. కానీ చెవి మొత్తం నింపేసే ఫుల్ షెల్ మౌల్డు చేసిచ్చారు, సన్న రంధ్రం కూడా లేదు. కుండలో తలపెట్టి పాఠం చెబుతున్నట్టుండేది. ఇడ్లీ నమిలినా చెవిలో రోలు తిరిగినట్టే. "మేడమ్, ఎందుకు మెల్లగా చెబుతున్నారు?" అని వెనక బెంచీ పిల్లలు అడిగేవాళ్లు. నా గొంతు నాకే హోరెత్తితే నేనే తగ్గించి మాట్లాడుతున్నానన్నమాట.

తర్వాత వేరేచోట అదే మౌల్డుకి రెండు మిల్లీమీటర్ల వెంట్ పెట్టారు. ఒక్క రంధ్రంతో మనిషినయ్యాను. గట్టిది కాబట్టి అక్కడికక్కడే డ్రిల్లు వేసిచ్చారు. మరి కర్నూలు కుర్రోడి నాయనకి కూడా వెంట్ పెట్టిస్తే సరిపోదా?

వినికిడి_పంతులు
టీచరమ్మ గారు, మీ గొంతులోని బరువైన శబ్దం బయటికి పోవడానికి దారి దొరికింది, అందుకే హాయి. కానీ ఆ దారిలోనే మిషన్ శబ్దమూ బయటికొస్తుంది. వెంట్ పెద్దదైన కొద్దీ కూత ఎక్కువ. ఆయన వినికిడికి మహా అయితే గాలి ఆడేందుకు ఒక మిల్లీమీటరు లోపు సన్న వెంట్. అంతకు మించితే మళ్లీ ఇదే చర్చ మొదలుపెట్టాలి.

నాపరాయి_మేస్త్రి
నా వెంట్ వారానికోసారి రాతి పొడితో మూసుకుపోతుంది. గాలం దారం ముక్కతో తీస్తా. పిన్నీసుతో పొడవద్దు, గీతలు పడతాయి.

పెన్నా_ఒడ్డున
చెవి కారేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు చిన్నప్పటి నుంచి కుడిచెవి చీము. మౌల్డు పెడితే రెండు రోజుల్లో తడి, వాసన. తీసేస్తే వినపడదు, పెడితే కారుతుంది. మెత్తదీ గట్టిదీ రెండూ వాడి చూశా, తేడా ఏమీ లేదు.

వినికిడి_పంతులు
మీకు మెటీరియల్ కాదు, గాలి సమస్య. మూసి పెట్టిన చెవి ఆరదు. ముందు చెవి డాక్టరు పొడి చేయాలి, కర్ణభేరికి రంధ్రం ఉందేమో చూడాలి. చెవి కారుతున్నప్పుడు అచ్చు తీయించుకోవద్దు. ఎండిన తర్వాత కూడా వెంట్ ఉన్నదే వాడి, రోజులో కాసేపు తీసి ఉంచండి. ఎంతకీ తగ్గకపోతే ఎముక ద్వారా వినిపించే రకం మిషన్లున్నాయి, వాటికి చెవి మూయాల్సిన పనే లేదు. డాక్టరుని ఆ మాట అడగండి.

బుడ్డిదాని_అమ్మ
అందరూ గట్టిదానికే జై కొడుతున్నారు, చదివి ఏ తల్లైనా పిల్లలకి అదే చేయిస్తుందేమోనని భయమేస్తోంది. పిల్లలకి గట్టిది వద్దు. మా పాప అంగన్‌వాడీలో ఉయ్యాల మీద నుంచి పడింది. చెంప మీద దెబ్బ, మౌల్డు చెవిలోనే ఉంది. గట్టిదైతే చెవిలోనే విరిగేదన్నారు. మెత్తది కాబట్టి మిషన్ గీసుకుపోయిందే తప్ప పాపకేం కాలేదు.

ఖర్చు సంగతి మాత్రం చెప్పకూడదు. మూడు నాలుగు నెలలకో జత. చెవి పెరుగుతుంది, మౌల్డు పెరగదు. కూత మొదలైందంటే కొత్తది చేయించాలని లెక్క. పాత మౌల్డులన్నీ వరసగా డబ్బాలో పెట్టా, చూస్తే పాప ఎంత పెరిగిందో తెలుస్తుంది.

వినికిడి_పంతులు
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు. పిల్లలకి మెత్తదే. ఏడాది లోపు పసివాళ్లకైతే నెల, రెండు నెలలకే బిగువు తప్పుతుంది.

తుంగభద్ర_గాలి
అనంతపురం నుంచైతే మైసూరులో ఆయిష్ అనే మాట, వినికిడి సంస్థకి పోవచ్చు కదా అక్కా? మానసగంగోత్రిలో. 1965 నుంచి ఉన్న సంస్థ. మా బంధువుల బాబుకి అక్కడే పరీక్షలన్నీ చేశారు. మాకు కర్నూలు నుంచైతే సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ శాఖ దగ్గర.

బుడ్డిదాని_అమ్మ
మొదట్లో పరీక్షలకి పోయాం. ప్రతి మౌల్డుకీ పోవాలంటే మా ఆయనకి సెలవుండదు. మొన్నటిది పాపే రంగు ఏరుకుంది, నీలం మీద మెరుపులు. మా అత్త ఒంటి రంగుది చేయించాల్సింది, నలుగురికీ కనపడుతుందంది. పాపేమో జడ పైకెత్తి మరీ చూపిస్తోంది అందరికీ.

ఆదోని_తాత
నేను 71. నాది జేబులో పెట్టుకునే పాత మిషన్, వైరు, చెవిలో బటన్ లాంటి చిన్న స్పీకరు. అందరూ నవ్వుతారు, మ్యూజియం పీసంటారు. మిషన్ మీది మీటలు పెద్దవి, కళ్లు మూసుకుని తిప్పుకుంటా. కూత కూడా తక్కువ. మైకు చొక్కా జేబులో, చెవి అంత దూరాన, శబ్దం తిరిగి చేరాలంటే కష్టం. చొక్కా రాసుకుంటే గరగరమంటుంది, అదొక్కటే. కుర్రోడా, మీ నాయనకి వేళ్లు పనిచేయకపోతే ఇదీ ఆలోచించు.

కర్నూలు_కుర్రోడు
తాతా, కొత్తవాటికి డబ్బు కట్టేశాం. లేకుంటే ఆలోచించేవాణ్ణే. పంతులు సార్, గట్టిది అనుకుంటే ఏ మోడల్ చేయించాలి? ఫుల్ షెల్, స్కెలిటన్, కెనాల్ అని ఏవో బొమ్మలు చూపించారు.

వినికిడి_పంతులు
ఫుల్ షెల్ చెవి గిన్నె అంతా నింపుతుంది, బిగువు బాగుంటుంది, కానీ పైన ఒక కొమ్ము ఉంటుంది. దాన్ని చెవి పై మడత కిందికి దూర్చాలి. తిమ్మిరి వేళ్లతో ఆ కొమ్ము దగ్గరే అందరూ ఓడిపోతారు. సగం దూరి కూసే మౌల్డుల్లో చాలా వాటికి రోగం అదే, మీ నాయనదీ ఫుల్ షెల్ అయితే ముందు అక్కడే చూడండి. స్కెలిటన్ అంటే మధ్యభాగం తీసేసి అంచు మాత్రం ఉంచుతారు, తేలిక, చెమట తక్కువ. అయితే అంచు సన్నం, తిప్పలు అలాగే ఉంటాయి. కెనాల్ అంటే చెవి గొట్టంలోకి పోయే భాగం మాత్రమే, పెట్టడం సులువు, అయితే తీవ్రంగా తగ్గిన చెవికి పట్టు చాలకపోవచ్చు.

నేనైతే అక్రిలిక్ హాఫ్ షెల్ చూస్తా. కింది సగమే ఉంటుంది, కొమ్ము ఉండదు. చెవి లోపలికి పోయే భాగం మాత్రం పొడుగ్గా ఉండాలి. తీయడానికి చిన్న పిడి పెట్టించండి. ఎరుపు కుడికి, నీలం ఎడమకి గుర్తు వేస్తారు. శుక్లం ఉంది కాబట్టి పెద్ద చుక్కలు వేయమనండి. అచ్చు ఒకసారి నోరు తెరిచి తీయించండి, నమిలేటప్పటి సందు అందులో పడుతుంది. ఎక్కడైనా గుచ్చుకుంటే ఆ చోటు రాసి పాలిష్ చేయడం పెద్ద పని కాదు, సిలికాన్‌తో అంత సులువు కాదు. షుగర్ ఉంది కాబట్టి ఎర్రబడినా నొప్పి చేసినా ఓర్చుకోనివ్వొద్దు, పుండు పడితే మానడం ఆలస్యం.

ఎండలో_ఎడ్లబండి
వినైల్ అని ఇంకో మెత్తది అంటగడతారు, చవకని. మొదటి ఆరు నెలలు బంగారం. తర్వాత చెవి నూనెకి పసుపెక్కి, గట్టిపడి, కుంచించుకుపోయింది. మా అవ్వ చెవిలో గోరువెచ్చటి నూనె పోసే అలవాటు మానలేదు మరి.

వినికిడి_పంతులు
మిషన్ వాడుతూ చెవిలో నూనె పోయడమంటే ట్యూబుకి గోరీ కట్టినట్టే. మౌల్డుని కడగొచ్చు. మిషన్ నుంచి ట్యూబు విడదీసి, గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బు. స్పిరిట్ వద్దు. ట్యూబులో నీటి బొట్టు నిలిస్తే చిన్న రబ్బరు బుడ్డితో ఊదాలి, నోటితో కాదు. మన ఎండల్లో చెమట బొట్టు ట్యూబులో అడ్డం పడి "మిషన్ చచ్చిపోయింది" అని వచ్చేవాళ్లు చాలామంది. ట్యూబు మూడు నుంచి ఆరు నెలలకి మార్పించండి, గట్టిపడిందంటే అది మౌల్డునే లాగేస్తుంది.

కర్నూలు_కుర్రోడు
మూడు వారాలైంది, చెబుతా అనుకుంటూ మర్చిపోయా. వేరేచోటికి తీసుకుపోయాం. లైటు వేసి చూశారు, కుడిచెవిలో శనగ గింజంత గులిమి. అది తీశాకే అచ్చు తీశారు. దారం దూది నేనే అడిగి మరీ చూశా, ఆ అమ్మాయి నవ్వింది. గట్టి హాఫ్ షెల్ రెండు.

కుడిది బాగుంది. రెండో రోజుకే సొంతంగా పెట్టుకున్నాడు, అద్దం లేకుండా. ఎడమది నమిలితే ఇంకా కూస్తోంది. మళ్లీ నోరు తెరిపించి అచ్చు తీశారు, వచ్చే వారం వస్తుంది. అప్పటిదాకా అన్నం దగ్గర ఎడమది తీసి గ్లాసు పక్కన పెడుతున్నాడు. అమ్మ ఒకరోజు దాన్ని తమలపాకుల పళ్లెంలో పెట్టేసి ఇల్లంతా వెతికించింది.

ఉగ్గాని_బజ్జి
ఆకు వక్కతో పాటు నమిలుంటే దవడ కదలికకి అచ్చు లోపలి నుంచే వచ్చేది.

నాపరాయి_మేస్త్రి
బీరువాలోంచి బయటికి వచ్చాయి కదా, అది చాలు. ఎడమది వచ్చాక చెప్పు తమ్ముడూ.

చిత్రావతి_చెల్లి
ఇప్పుడే చదివా మొత్తం. మా అన్న కూతురికి మౌల్డు చేయించాలి, వచ్చే నెల చెవులు కుట్టిస్తున్నారు. ముందు ఏది చేయాలి?

వినికిడి_పంతులు
తమ్మెకి కుట్టిస్తే మౌల్డు దానికి తగలదు, ఏది ముందైనా పర్వాలేదు. చెవి పైభాగంలో మాత్రం కుట్టించొద్దు, ఆ వాపు తగ్గేదాకా మిషన్ పెట్టలేరు.

ఆదోని_తాత
పంతులూ, నా బటన్ మౌల్డు పాతదై వదులైంది. కొత్తది చేయిస్తే పాత బటన్ పడుతుందా?

వినికిడి_పంతులు
అచ్చు ఇవ్వడానికి పోయేటప్పుడు బటన్ కూడా జేబులో వేసుకుని పోండి తాతా. మౌల్డులో ఒక రింగు ఉంటుంది, దాని కొలత మీ బటన్‌కి సరిపోవాలి. బటన్ చూపించకుండా చేయిస్తే కొత్త మౌల్డు ఒకవైపు, మీ మిషన్ ఒకవైపు.

ఆదోని_తాత
సరే. బుధవారం పోతా, మనవడికి పరీక్షలు అయిపోతాయి.